పాత ఫోను చెడిపోతే నష్టం ఎవరిది? ఆన్‌లైన్ సెకండ్ హ్యాండ్ తగాదాలు తేలే తీరు

క్లుప్తంగా: ఆన్‌లైన్‌లో కొన్న వాడిన ఫోను, ల్యాప్‌టాప్ పాడైతే డబ్బు వెనక్కి వస్తుందా అన్నది మూడు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. అమ్మింది వ్యాపారా, మామూలు మనిషా? ప్రకటనలో, చాటింగ్‌లో రాతపూర్వకంగా ఏం చెప్పారు? లోపం బయటపడ్డాక ఎంత త్వరగా తెలిపారు? వ్యాపారి మీదైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సొంత వస్తువు అమ్ముకున్న వ్యక్తి విషయంలో 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, లోక్ అదాలత్ అక్కరకొస్తాయి. మొదటి నుంచీ మోసమే అయితే అది పోలీసు కేసు.

## దూరం నుంచి వచ్చే సరుకు

రాయలసీమ సంగతే చూస్తే, కర్నూలుకు హైదరాబాద్, అనంతపురానికి బెంగళూరు ఇంచుమించు ఒకే దూరం. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల చిల్లర. కడప నుంచి చెన్నై 250 కిలోమీటర్ల పైమాటే. వాడిన ఎలక్ట్రానిక్స్‌కు పేరుపడ్డ బజార్లన్నీ ఆ నగరాల్లోనే ఉన్నాయి: అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్. బెంగళూరు కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు అనంతపురంలోని జేఎన్‌టీయూఏ, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థుల చేతికి వచ్చేది ఈ దారుల్లోనే. ప్రకటనలో ఫొటో చూస్తారు, యూపీఐలో డబ్బు పంపుతారు, బస్సు పార్శిల్‌లో తెప్పించుకుంటారు.

ఈ పద్ధతిలో కొనేవాళ్లు వస్తువును చూడకముందే డబ్బు చేతులు మారుతుంది. పార్శిల్ కౌంటర్‌లో ఇచ్చేశాక అమ్మినవాళ్లకు ఇక ఆ వస్తువుతో సంబంధం ఉండదు. మధ్యలో ఒక రాత్రి ప్రయాణం. ఆ తర్వాత లోపం కనబడితే అది అమ్మకముందు ఉన్నదా, దారిలో వచ్చిందా, కొన్నాక వచ్చిందా అన్నది ఇద్దరిలో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

ఊళ్లోనే కలుసుకుని కొన్నా పరిస్థితి పెద్దగా మారదు. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లోనో ఎండలో నిలబడి పది నిమిషాలు చూస్తారు. స్క్రీన్ తిప్పుతారు, కెమెరా తెరుస్తారు, ఒక కాల్ చేస్తారు. బ్యాటరీ ఎంత అరిగిందో, లోపలికి ఎప్పుడైనా నీళ్లు వెళ్లాయో, బోర్డు మీద రిపేరు జరిగిందో ఆ పది నిమిషాల్లో బయటపడదు. పాత ఫోన్ల తగాదాల్లో ఎక్కువ భాగం ఇలా ఆలస్యంగా బయటపడే లోపాల చుట్టూనే తిరుగుతాయి.

## లోపం ఎప్పటిది?

తగాదా అంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంటుంది. కొన్ని లోపాలు తమ వయసు తామే చెబుతాయి, కొన్ని చెప్పవు. కాబట్టి ఒక్కో రకాన్నీ విడిగా చూడాలి.

అన్నిటికంటే చిక్కు పెట్టేది డిస్‌ప్లే మీద వచ్చే గీత. అమోలెడ్ స్క్రీన్ ఉన్న ఫోన్లలో పై నుంచి కిందకు సన్నటి ఆకుపచ్చ గీత పడుతుంది. గాజు పగలదు, టచ్ పనిచేస్తూనే ఉంటుంది. ప్యానెల్‌కూ దాన్ని నడిపించే సర్క్యూట్‌కూ మధ్య ఉండే అతి సన్నని కనెక్షన్ దెబ్బతిన్నప్పుడు ఇలా అవుతుంది. వేడి, ఒత్తిడి, కింద పడటం, తయారీ లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన వెంటనే గీత పడిందన్న ఫిర్యాదులూ దేశంలో చాలానే వచ్చాయి. అమ్మిన నాలుగో రోజున గీత పడితే అది పాత లోపమని కొన్నవారు, చేతిలో పడేసుకున్నారని అమ్మినవారు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కొన్ని కంపెనీలు ఎంపిక చేసిన మోడళ్లకు ఈ గీత సమస్య మీద ఉచితంగా డిస్‌ప్లే మార్చి ఇచ్చాయి. అందుకే వాదన మొదలుపెట్టకముందు ఆ మోడల్‌కు అలాంటి వెసులుబాటు ఉందేమో సర్వీస్ సెంటర్‌లో కనుక్కుంటే, కొన్నిసార్లు తగాదా అక్కడే తీరిపోతుంది.

నీళ్లు వెళ్లిన ఫోను మరో రకం. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లోపల చిన్న తెల్ల గుర్తు ఉంటుంది, తడి తగిలితే అది ఎర్రబడుతుంది. తడి తగిలిందని అది చెబుతుంది కానీ ఎప్పుడు తగిలిందో చెప్పదు. బోర్డు మీద పచ్చగా పేరుకున్న తుప్పు మాత్రం ఒకటి రెండు రోజుల్లో వచ్చేది కాదు. అది కనిపిస్తే పాత దెబ్బే అనడానికి బలమైన ఆధారం.

బ్యాటరీ అరుగుదల అసలు లోపం కిందకే రాదు, వాడిన వస్తువు సహజ లక్షణం అది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిళ్ల దాకా నిలిచేలా తయారుచేసినట్టు ఆపిల్ చెబుతుంది. అదే కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమంటుంది. సీమలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. ఇక్కడ రెండు మూడు వేసవులు చూసిన బ్యాటరీ చల్లని ఊళ్లో వాడినదాని కంటే త్వరగా నీరసపడటంలో వింత లేదు. అయితే ప్రకటనలో ‘బ్యాటరీ హెల్త్ 90’ అని రాసి, తీరా చూస్తే 76 ఉంటే అది అరుగుదల సమస్య కాదు, చెప్పిన మాటకూ ఇచ్చిన వస్తువుకూ పొంతన లేకపోవడం. చట్టం పట్టించుకునేది ఈ తేడానే.

లాక్‌ల విషయంలో అనుమానానికి తావే లేదు. ఆండ్రాయిడ్ ఫోనును రీసెట్ చేస్తే పాత గూగుల్ ఖాతా అడిగితే, ఐఫోన్ యాక్టివేషన్ లాక్ చూపితే, ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్ కలపగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ తెర వస్తే, ఆ సమస్య అమ్మకముందు నుంచీ ఉన్నదే. కొన్నవారు దాన్ని సృష్టించలేరు. చివరిదైతే మరీ ముఖ్యం. అది కంపెనీ రికార్డుల నుంచి పూర్తిగా తీసేయని యంత్రం. అమ్మినవారికి దాన్ని అమ్మే హక్కు ఉందా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

## అమ్మింది వ్యాపారా, వ్యక్తా?

పత్రికల్లో, వీడియోల్లో ‘వినియోగదారుల కోర్టుకు వెళ్లండి’ అన్న సలహా తరచూ కనిపిస్తుంది. అది అందరికీ వర్తించదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఒక మినహాయింపు ఉంది: క్రమంతప్పని వ్యాపారంగా కాకుండా, వ్యక్తిగత హోదాలో ఒక మనిషి చేసే కార్యకలాపాలకు అవి వర్తించవు. కొత్త ఫోను కొనుక్కుని పాతదాన్ని అమ్ముకున్న ఉద్యోగి ఈ మినహాయింపులోకి వస్తారు. వ్యక్తిగత ఖాతా మీదే నెలనెలా పది ఫోన్లు అమ్మేవారు రారు. కాబట్టి అదే ప్రొఫైల్‌లో ఉన్న మిగతా ప్రకటనలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం చిన్న పనే అయినా, అమ్మినది వ్యాపారి అని చూపడానికి అదే మొదటి సాక్ష్యం అవుతుంది.

వ్యాపారి అని తేలితే కొన్నవారి చేయి బలపడుతుంది. ఆన్‌లైన్ వేదిక ద్వారా అమ్మే వ్యాపారి లోపమున్న వస్తువును, ప్రకటనకు సరిపోలని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదు. ఆ వేదిక ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వాడినదాన్ని కొత్తదని అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.

వేదికలన్నీ ఒకటి కావు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి చోట్ల సాధారణంగా జరిగేది ప్రకటన వరకే. డబ్బు, సరుకు ఇద్దరి మధ్య నేరుగా మారతాయి, వేదిక చేతికి రావు. పాత ఫోన్లు కొని, పరీక్షించి, వారంటీతో అమ్మే కంపెనీలు వేరు, అక్కడ కంపెనీయే అమ్మకందారు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఫిర్యాదు అధికారి అన్న మాటే ఉండదు. ధర ఎంత తక్కువైతే రక్షణ అంత తక్కువ అన్న లెక్క ఇక్కడ దాదాపు అక్షరాలా వర్తిస్తుంది.

## వ్యక్తి అమ్మినప్పుడు ఏ చట్టం?

సరుకుల విక్రయ చట్టం 1930 పాతదే కానీ వాట్సాప్ బేరాలకూ సరిపోతుంది. వస్తువు నాణ్యత బాగుండాలన్న బాధ్యతను 16వ సెక్షన్ ప్రధానంగా ఆ రకం సరుకుతో వ్యాపారం చేసేవారి మీద పెడుతుంది. వ్యక్తి అమ్మితే చూసుకుని కొనాల్సింది కొనేవారే. కానీ 15వ సెక్షన్ అలా తేడా చూపదు. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి, అమ్మింది ఎవరైనా సరే. 14వ సెక్షన్ ప్రకారం అమ్మే హక్కు ఉండి తీరాలి.

అందుకే బేరంలో రాసే మాటలకు అంత విలువ. మామూలుగా జరిగే చాటింగ్ ఇలా ఉంటుంది:

‘అన్నా, ఫోన్‌లో ప్రాబ్లమ్ ఏం లేదు కదా?’
‘ఏం ల్యాదు తమ్ముడూ, నీట్‌గా ఉంది. చూసుకుని తీసుకో.’

ఇందులో పట్టుకోవడానికి దాదాపు ఏమీ లేదు. నీట్‌గా ఉందన్నది అభిప్రాయం. చూసుకోమన్నది బాధ్యతను కొనేవారి మీదకు నెట్టింది. అదే తమ్ముడు ‘డిస్‌ప్లే కంపెనీదేనా, మార్చిందా? బోర్డు రిపేరు చేయించారా? నీళ్లలో పడిందా? బిల్లు ఎవరి పేరు మీద ఉంది?’ అని అడిగి ఉంటే, వచ్చే జవాబు వర్ణన అవుతుంది. ‘ఒరిజినల్ డిస్‌ప్లే, ఎక్కడా విప్పలేదు’ అని రాశాక, లోపల లోకల్ ఫోల్డర్ (కంపెనీది కాని డిస్‌ప్లే) వేసి ఉంటే 15వ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది. తెలిసే అబద్ధం చెప్పారని నిరూపించగలిగితే, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు వస్తుంది.

‘నో రిటర్న్, నో వారంటీ’ అని ప్రకటనలో ఉంటే అంతా అయిపోయినట్టేనా? కాదు. నాణ్యత గురించిన బాధ్యతను ఒప్పందంతో తప్పించుకోవడానికి 62వ సెక్షన్ వీలిస్తుంది. కానీ మోసాన్ని ఆ మాట కాపాడదు. ప్రకటనలో ఒకటి రాసి మరొకటి ఇచ్చి, కింద ‘నో రిటర్న్’ అంటే అది చెల్లుబాటు కావడం కష్టం.

పార్శిల్‌కు సంబంధించి చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. మొదటిది కొనేవారికి అనుకూలం: 41వ సెక్షన్ ప్రకారం పరీక్షించుకోవడానికి తగిన అవకాశం దొరికేదాకా సరుకును ఒప్పుకున్నట్టు కాదు. వద్దని తెలిపితే చాలు, తిప్పి పంపాల్సిన బాధ్యత కొన్నవారిది కాదని 43వ సెక్షన్ అంటుంది. రెండోది ప్రతికూలం: పంపమన్నప్పుడు సరుకును రవాణాదారుకు అప్పగిస్తే కొన్నవారికి అప్పగించినట్టే అని 39వ సెక్షన్ సాధారణ నియమం. మంచి స్థితిలో, సరుకుకు తగ్గ జాగ్రత్తతో పంపిన ల్యాప్‌టాప్ స్క్రీన్ దారిలో పగిలితే నష్టం కొన్నవారి మీద పడవచ్చు. పలచటి అట్టపెట్టెలో వేసి పంపితే మాత్రం ఆ వాదన నిలవదు. ముందే ‘చేరేదాకా బాధ్యత మీదే’ అని రాయించుకుంటే ఈ చిక్కే ఉండదు.

ఇక సమయం. లోపం చూసి కూడా నెల రోజులు వాడుకుని, తర్వాత వద్దంటే 42వ సెక్షన్ ప్రకారం సరుకును ఒప్పుకున్నట్టే. అప్పుడు తిప్పి ఇచ్చే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం మిగులుతుంది.

## తొలి రెండు రోజుల్లో జరిగే తప్పులు

లోపం కనపడగానే చాలామంది దగ్గర్లోని మొబైల్ షాపులో విప్పిస్తారు. సాయం అనుకుని చేసే ఈ పనే కొన్నవారి కేసును ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఒకసారి వెనక మూత ఊడాక, లోపల ఉన్నది పాత రిపేరో కొత్త రిపేరో ఎవరూ చెప్పలేరు. అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఇస్తే జాబ్ షీట్ వస్తుంది. అందులో తేదీ, సీరియల్ నంబరు, లోపం వివరం, నీటి తడి, ముందే విప్పిన ఆనవాళ్లు రాసి ఉంటాయి. కోర్టులో, మధ్యవర్తి ముందు, చివరికి అమ్మినవారితో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా ఆ ఒక్క కాగితం పది వాదనలకు సమానం.

అమ్మినవారి భయం కూడా న్యాయమైనదే. ఫోను వెనక్కి తీసుకుంటే దాని మంచి బ్యాటరీ, కెమెరా మార్చేసి చెడ్డవి పెట్టి ఇస్తారేమో అన్న అనుమానం. దీనికి ముందే మందు ఉంది. అమ్మే రోజున *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఫోను 15 అంకెల గుర్తింపు నంబరు, కనపడేలా, సెట్టింగుల్లో విడిభాగాల వివరాలు, బ్యాటరీ స్థితి కనపడేలా వీడియో తీసుకోవాలి, అదే వీడియోను కొనేవారికీ పంపాలి. కొనేవారు పార్శిల్ విప్పేటప్పుడు ఆపకుండా ఇంకో వీడియో తీస్తారు. రెండు వీడియోలూ ఉంటే ‘అప్పుడు ఉందా, ఇప్పుడు వచ్చిందా’ అన్న వాదన చాలావరకు తగ్గిపోతుంది.

రాజీ కుదుర్చుకునేటప్పుడు పూర్తి డబ్బు లేదా అసలేమీ లేదు అని పట్టుబట్టడం వల్ల ఎక్కువ బేరాలు చెడతాయి. ఒక ఉదాహరణ: 14,000కు అమ్మిన ఫోనులో ఒరిజినల్ అని చెప్పిన డిస్‌ప్లే కాదని తేలింది. ఒరిజినల్ వేయించడానికి 5,500 అవుతుంది. ఫోను మిగతా అంతా బాగుంది. చట్టం లెక్కగట్టే నష్టం కూడా ప్రధానంగా చెప్పినట్టు ఉంటే ఉండే విలువకూ, ఉన్న విలువకూ తేడా. కాబట్టి ఆ తేడా చుట్టూ మాట్లాడుకోవడం ఇద్దరికీ మేలు. అదే లాక్ పడిన ల్యాప్‌టాప్ అయితే సగం రాజీ పనికిరాదు. వాడుకోలేని వస్తువుకు పూర్తి వాపసు అడగాల్సిందే. రాజీ కుదిరితే ‘ఫలానా ఐఎంఈఐ ఫోనుకు సంబంధించి ఇంత తిరిగి ఇచ్చాను, ఇక బాకీ లేదు’ అని ఒక మెసేజ్, దానికి ‘ఒప్పుకున్నాను’ అన్న జవాబు ఉంటే చాలు.

## డబ్బు వెళ్లిన దారి

యూపీఐలో మన ఇష్టంతో ఒక మనిషికి పంపిన డబ్బును, సరుకు బాగాలేదన్న కారణంతో బ్యాంకు వెనక్కి తేదు. సాంకేతిక లోపంతో ఆగిపోయిన చెల్లింపుల సంగతి వేరు. క్రెడిట్ కార్డుతో వ్యాపారికి చెల్లిస్తే వివాదం లేవనెత్తి ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వాపసు, అడిగే వీలుంటుంది. అందుకే ముందు కొంత పంపి, పార్శిల్ విప్పాక మిగతాది ఇచ్చే ఒప్పందం అడగాలి. తెలియనివారైతే ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ధరలో తగ్గింపు అడగడానికి అదే కారణం.

## ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

వ్యాపారి మీదైతే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, కొన్నవారు ఉండే చోటే కేసు వేయవచ్చు. అమ్మింది బెంగళూరు షాపు అయినా అనంతపురం వాసి అనంతపురంలోనే, కడప వాసి కడపలోనే దాఖలు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారుల కిందకు రారు. సొంత జీవనోపాధి కోసం కంప్యూటర్ కొన్న జిరాక్స్ షాపు యజమాని వస్తారు.

వ్యక్తి మీదైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ మెరుగైన దారి. కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఎదుటివారు రాకపోతే, రాజీకి ఒప్పుకోకపోతే మాత్రం మిగిలేది సివిల్ కోర్టే. పది వేల ఫోనుకు ఆ ఖర్చు, ఆ కాలం గిట్టుబాటు కావు.

చాట్లు, స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అసలు చాట్ ఉన్న ఫోనును తగాదా తేలేదాకా అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు.

పోలీసుల దగ్గరకు ఎప్పుడు? వస్తువే పంపకపోతే, డబ్బా లోపల సబ్బు బిళ్ల వస్తే, నకిలీ గుర్తింపుతో అమ్మితే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఉంటుంది. కొన్న వారానికి డిస్‌ప్లే పోతే అది మోసం కేసు కాదు. మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. సివిల్ తగాదాను చీటింగ్ కేసుగా రాయమని స్టేషన్‌లో పట్టుబట్టేవారికి నిరాశే ఎదురయ్యేది ఇందుకే.

దొంగిలించిన ఫోను అన్నిటికంటే ప్రమాదం. 2023 మే నుంచి దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థలో పోయిన ఫోను ఐఎంఈఐని బ్లాక్ చేస్తారు, అందులో ఏ సిమ్ వేసినా జాడ తెలుస్తుంది. అనంతపురం పోలీసులు వాట్సాప్ చాట్‌బాట్ ద్వారా కూడా పోయిన ఫోన్ల ఫిర్యాదులు తీసుకుని వెతికి ఇచ్చారు. అలా జాడ తీసినప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి దగ్గర నుంచే తీసుకుంటారు, డబ్బు పెట్టి కొన్నామన్నా సరే. కొనేముందు కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ చేస్తే ఆ నంబరు బ్లాక్ అయి ఉందేమో తెలుస్తుంది. పెట్టిన డబ్బు కోసం అమ్మినవారి మీద సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షన్ కింద దావా వేయవచ్చు, వారి పేరు, చిరునామా తెలిస్తేనే. ఆధార్ కాపీ అడగడానికి మొహమాటపడేవారు కనీసం పాత బిల్లు, యూపీఐలో కనిపించే పేరు సరిపోలాయో లేదో చూసుకోవాలి.

## ఇతర దేశాల్లో, ఇకముందు ఇక్కడ

బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం వ్యాపారి దగ్గర కొన్న వాడిన వస్తువులో లోపం ఉంటే 30 రోజుల్లోగా తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు అడగవచ్చు. వ్యక్తి దగ్గర కొంటే ప్రధానంగా వర్ణనకు సరిపోవడం వరకే హక్కు. ఐరోపా సమాఖ్యలో కొత్త వస్తువులకు రెండేళ్ల చట్టబద్ధమైన హామీ ఉంది, వాడిన వస్తువులకు దాన్ని ఏడాది దాకా తగ్గించుకునే వీలు సభ్య దేశాలకు ఇచ్చారు. వ్యక్తికీ వ్యాపారికీ తేడా చూపడంలో మన చట్టం కూడా ఇలాగే ఉంది. లేనిది రోజుల లెక్క. తగిన సమయం అన్న మాటే తప్ప, ఇన్ని రోజులని అంకె లేదు. చిన్న మొత్తాల తగాదాల్లో ఆ అంకె లేకపోవడమే పెద్ద లోటు, ఎందుకంటే ఏడు రోజులా, ముప్పై రోజులా అన్నదాని మీదే వాదన సాగిపోతుంది.

ఈ లోటును ప్రస్తుతానికి మార్కెట్టే ధరతో పూడ్చుకుంటోంది. బిల్లు, బాక్సు ఉన్న ఫోనుకు ఒక రేటు, లేనిదానికి ఒక రేటు, ఆరు నెలల వారంటీ ఇచ్చే షాపులో ఇంకో రేటు. ఒకే మోడల్‌కు ఈ మూడు ధరల మధ్య కనిపించే తేడా, తగాదా వస్తే భరించాల్సిన నష్టానికి ముందే కట్టిన వెల.